రెండో దెబ్బకీ మూడో దెబ్బకీ మధ్య

హాలు వెనక మెట్ల కింద కోచ్ బోర్లా పడి ఉన్నాడు.

ఒక షూ కాలికే ఉంది. రెండోది పై మెట్టు మీద పక్కకి ఒరిగి ఉంది. తల కింద నేల ఎర్రగా తడిసింది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

హాలు తుడిచే ఆవిడ పెట్టిన కేకకి జనమంతా ఉలిక్కిపడ్డారు. అప్పుడు టైం మధ్యాహ్నం రెండున్నర. ఎస్సై జీపు దిగేసరికి అంబులెన్స్ తలుపులు మూసుకుంటున్నాయి.

"బతుకుతాడా?" అని అడిగింది ఎస్సై.

"స్పృహ వస్తేగానీ చెప్పలేం మేడం," అన్నాడు స్ట్రెచర్ పట్టినతను. బండి కదిలిపోయింది.

ఎస్సై మెట్లన్నీ ఎక్కి, దిగింది. రెయిలింగ్ గట్టిగానే ఉంది. మెట్ల మీద నీళ్లు లేవు, నూనె లేదు. పై మెట్టు పక్కన గోడకి కొత్తగా ఒక గీత పడింది. సున్నం రాలి ఉంది. పడబోతున్న మనిషి ఆసరా కోసం గోకిన గీత. ఆ వైపు సీసీ కెమెరా లేదు. ఉన్న కెమెరాలన్నీ ముందు గుమ్మం వైపే చూస్తున్నాయి.

కోచ్ జేబులో పర్సు ఉంది. ఫోన్ లేదు.

"జారి పడ్డాడనే అనుకుందాం," అంది ఎస్సై తన కానిస్టేబుల్‌తో. "మరి ఫోన్ ఏమైంది? దానికేం కాళ్లొచ్చాయా?"

హాల్లో జరుగుతున్నది వీడియో గేమ్ పోటీ. కుస్తీలూ గుద్దులాటలూ ఉండే గేమ్. జట్టుకి ముగ్గురు. నాలుగింటికి ఫైనల్స్. స్టేజీ మీద గోడంత స్క్రీన్లు, కింద కుర్చీల నిండా కుర్రకారు. ఇదంతా కెమెరాల్లో లైవ్‌గా వెళ్తోంది.

కోచ్ జట్టులో పెద్దవాడు కెప్టెన్. రెండోవాడి పేరు ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఏళ్లకే జుట్టు నెరిసినందుకు అందరూ 'తాత' అనే పిలుస్తారు. మూడోవాడు ఈమధ్యే జట్టులోకొచ్చాడు. నోరు ఆగదు కాబట్టి 'పిడుగు'.

కామెంటేటర్ ఎస్సైని పక్కకి తీసుకెళ్లాడు. పొద్దుటి నుంచీ మైకులో అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది.

"కోచ్‌ని చివరగా ఎప్పుడు చూశారు?"

"రెండింటికి మేడం. ఇద్దరం టీ తాగాం. వీళ్ల ప్రాక్టీస్ మ్యాచ్ మొదలైందని అనౌన్స్ చేశాక ఆయన వెనక వరండా వైపు వెళ్లారు."

"ప్రాక్టీస్ ఎప్పుడైంది?"

"అది అవడం, ఆ కేక వినబడడం ఒకేసారి."

"ఆ సేపంతా ముగ్గురూ గదిలోనే ఉన్నారా?"

"ఉండాలి మేడం, రూలు. ముగ్గురూ ఆడాల్సిందే. స్క్రీన్ మీద ఒక్క ఆటగాడి బొమ్మ ఊరికే నిలబడినా సిస్టం ఎర్రగీత పెట్టేస్తుంది. గేమంతా రికార్డయింది. గీత పడలేదు."

అంటే ముగ్గురి మీదా అనుమానం లేదు. మిగిలిందెవరు?

ఆ ప్రశ్నకి జవాబు పిడుగు నోట్లోంచి వచ్చింది.

"చిట్టిని అడగండి మేడం. కెప్టెన్ చెల్లెలు. మొన్నటిదాకా నా సీటు ఆమెదే. పొద్దున కోచ్ సార్‌తో వరండాలో పెద్ద గొడవ. అందరూ చూశారు."

ఎస్సై కెప్టెన్ వైపు తిరిగింది. "మీ చెల్లెలికి కోపం ఎక్కువా?"

కెప్టెన్ నేల చూపులు చూశాడు.

"ఏమో మేడం," అన్నాడు.

తాత ఏదో అనబోయి గుటక మింగాడు. ఎస్సై అది చూసింది. చూసి వదిలేసింది. తర్వాత ఆ నిమిషం గుర్తొచ్చిన ప్రతిసారీ ఆమెకి తల కొట్టేసినట్టయ్యేది.

చిట్టి మూడో వరసలో కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్ల పిల్ల. ఒళ్లో నల్ల బ్యాగు. జట్టు వాళ్లందరికీ అలాంటివే ఉన్నాయి.

"లే," అంది ఎస్సై. "బ్యాగు ఇటివ్వు."

చిట్టి లేచింది. చుట్టూ చూసింది. గొంతు తగ్గించి అంది. "పక్క గదిలో చూడండి మేడం. ప్లీజ్. ఇక్కడొద్దు."

"దాచాల్సినవి ఏమున్నాయి అందులో?"

"నావి ఉన్నాయి మేడం."

దొంగ మాటలు ఇలాగే ఉంటాయనుకుంది ఎస్సై. పదేళ్ల సర్వీసు. కళ్లు చూసి మనిషిని చెప్పేస్తానని ఆమెకో నమ్మకం. బ్యాగు లాక్కుంది. జిప్పు తీసి అక్కడే, ఖాళీ కుర్చీ మీద కుమ్మరించింది.

ఒక టవల్. నీళ్ల సీసా. రెండు మాత్రల షీట్లు. విడిగా కట్టి పెట్టుకున్న లోపలి బట్టలు. శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్ చిరిగి, రెండు జారి నేల మీద పడ్డాయి. వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకెవడో ఈల వేశాడు. స్టేజీ మీద కెమెరా తిప్పుతున్నవాడు మెడ తిప్పినంత తేలిగ్గా కెమెరాని ఇటు తిప్పేశాడు. గోడంత స్క్రీన్ మీద అన్నీ కనబడ్డాయి.

చిట్టి వంగి వాటిని ఏరుకోలేదు. కళ్లు మూసుకుని అలా నిలబడిపోయింది.

అన్నింటికన్నా చివర ఫోన్ జారి పడింది. కోచ్ ఫోన్.

హాలంతా హోరెత్తింది. ఎస్సై ఒక్క క్షణం గెలిచినట్టే నిలబడింది.

ఆఫీసు గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. తలుపు దగ్గర కానిస్టేబుల్.

"ఫోన్ నీ బ్యాగులోకి ఎలా వచ్చింది?"

"నాకు తెలీదు మేడం."

"బ్యాగు నీ దగ్గరే ఉందా?"

"లేదు. ప్రాక్టీస్ గది బయట జట్టు బ్యాగుల్లో పెట్టాను. అలవాటు కొద్దీ. కేక వినబడ్డాక తెచ్చుకున్నాను."

"రెండు నించి రెండున్నర దాకా ఎక్కడున్నావు?"

"కుర్చీలోనే."

"ఎవరైనా చూశారా?"

"నన్నెవరు చూస్తారు మేడం? ఇప్పుడైతే అందరూ చూశారు."

ఎస్సై ఆ మాటని పట్టించుకోనట్టు నటించింది. అది మాత్రం లోపల ఎక్కడో ముల్లులా దిగింది.

"పొద్దున కోచ్‌తో గొడవెందుకు?"

"గొడవ పడలేదు. ఏడ్చాను. దూరం నించి చూసేవాళ్లకి రెండూ ఒకటే."

"ఎందుకేడ్చావు?"

"ఫైనల్స్‌లో నన్నే ఆడమన్నారు. పిడుగుకి ఇంకా ప్రతిసారీ కుదరట్లేదన్నారు. నేను రానన్నాను."

"ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నువ్వెందుకు రానన్నావు?"

"అన్నయ్యకి ఇష్టం లేదు. నన్ను జట్టులోంచి తీసేయమంది వాడే."

"కోచ్ ఏమన్నాడు?"

"ప్రాక్టీస్ అవగానే నా పేరు అనౌన్స్ చేయిస్తానన్నారు. మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాలే అన్నారు."

ఎస్సై పెన్ను తిప్పడం ఆపింది. తనని మళ్లీ ఆడించాలనుకున్న మనిషిని ఈ పిల్ల ఎందుకు తోస్తుంది? తోసి, ఆ ఫోన్‌ని ఒళ్లో పెట్టుకుని మూడో వరసలో కూర్చుంటుందా? కుమ్మరించక ముందు అడగాల్సిన ప్రశ్నలివి. ఆమె చెవులు వేడెక్కాయి.

మాట మార్చడానికి అడిగింది. "కుదరకపోవడమేంటి? అందులో అంత కష్టమేముంది?"

చిట్టి తలెత్తింది. ఆట మాట రాగానే గొంతులో ప్రాణం వచ్చింది.

"ముగ్గురికీ మూడు బొమ్మలు మేడం. ఒక్కో బొమ్మకి ఒక స్పెషల్ అటాక్ ఉంటుంది. ఒకళ్లది అయిపోయేలోపే పక్కవాళ్లు తమది నొక్కాలి. అయిపోయాక కాదు, అయ్యేలోపు. తొందరపడితే ముందువాళ్ల దెబ్బ సగంలో తెగిపోతుంది. ఆలస్యమైతే అవతలివాడు లేచి కాచుకుంటాడు. ముగ్గురి దెబ్బలూ గొలుసులా కలిసిపోతే ఇక వాడు లేవడు."

"నొక్కమని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారా?"

"అంత టైం ఎక్కడుంటుంది? పక్కవాడి ఊపిరి తెలియాలి. అన్నయ్య నొక్కబోయే ముందు ఎడమ భుజం చిన్నగా లేస్తుంది. వాడికే తెలీదు ఆ సంగతి."

కంప్యూటర్‌లో ప్రాక్టీస్ రికార్డింగ్ ఉంది. కామెంటేటర్ పెట్టి వెళ్లాడు. ఆటగాళ్లు కనబడరు, గేమ్ మాత్రమే. ఎస్సై దాన్ని ఆడించింది. "చూసి చెప్పు. వాళ్లు ఎలా ఆడారు?"

చిట్టి కుర్చీ ముందుకు లాక్కుంది. మంటల బొమ్మ విరుచుకుపడింది. అది పిడుగుది. ఆ మంటల్లోంచే తాత బొమ్మ దూకింది. ఆ తర్వాత మెరుపులా కెప్టెన్ బొమ్మ. ఒకసారి. ఇంకోసారి.

మూడోసారికి చిట్టి వెనక్కి వాలిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా ఉంది?"

"బాగుంది మేడం."

"తప్పుల్లేవా?"

"లేవు." ఆ పిల్ల చేతులు ఒళ్లోకి లాక్కుంది. "మేడం, కేసు నా మీదే రాసేయండి. ఫోన్ నా దగ్గరే కదా దొరికింది."

ఎస్సై రికార్డింగ్ ఆపేసింది.

ఇందాకటిదాకా తెలీదు, తెలీదు అన్న మనిషి. ఒక్క గేమ్ చూసి నేరం నెత్తిన వేసుకుంటానంటోంది. ఆ గేమ్‌లో ఏం కనబడింది?

చిట్టికి నీళ్లిప్పించి పక్క గదిలో కూర్చోబెట్టారు. ఎస్సై సెమీఫైనల్స్ రికార్డింగ్ కూడా అడిగి తెప్పించుకుంది. ఒకటి ఆడించింది. ఆపింది. ఇంకోటి ఆడించింది. వేగం తగ్గించింది. మంటలు, దూకుడు, మెరుపు. మళ్లీ మంటలు. కళ్లు మండుతున్నాయి గానీ ఏమీ తట్టలేదు.

అప్పుడే సీఐ నుంచి ఫోన్ వచ్చింది. మౌస్ వదిలి ఫోన్ అందుకుంది.

"కేసు తేలిపోయిందటగా? అమ్మాయేనటగా? టీవీల్లో కూడా వస్తోంది. గుడ్ జాబ్."

"ఇంకా చూస్తున్నాను సార్."

"చూసేదేముంది?"

స్క్రీన్ మీద ప్రాక్టీస్ గేమ్ నడిచిపోతోంది. తాత బొమ్మ కొట్టాల్సిన దెబ్బ పూర్తిగా కొట్టేసింది. కింద పడ్డ శత్రువు లేచాడు. తల విదిలించుకున్నాడు. అప్పుడు వచ్చింది కెప్టెన్ దెబ్బ.

ఆమె ఫోన్ పట్టుకున్న చెయ్యి చూసుకుంది. వదిలేసి వచ్చిన మౌస్ వైపు చూసింది.

"మళ్లీ చేస్తాను సార్," అని పెట్టేసింది.

సెమీఫైనల్స్‌లో మూడు దెబ్బలూ ఒకదాన్లోంచి ఒకటి పుట్టాయి. ప్రాక్టీస్‌లో మొదటిదీ రెండోదీ అలాగే కలిశాయి. రెండో దానికీ మూడో దానికీ మధ్య మాత్రం ఎప్పుడూ ఒక సందు. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. చెయ్యి ఒకటి వదిలి ఇంకోటి అందుకోవడానికి పట్టేంత సందు.

ముగ్గురినీ ప్రాక్టీస్ గదిలోకి పిలిపించింది. కామెంటేటర్ కూడా వచ్చాడు. చిట్టి గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడింది. అన్న వైపు చూడలేదు.

గది చిన్నది. ఒక టేబుల్, మూడు కుర్చీలు, నొక్కి ఆడే మూడు కంట్రోలర్లు. ఒక తలుపు హాలు వైపు. ఇంకో తలుపు వెనక వరండాలోకి.

"మీ సీట్లలో కూర్చోండి," అంది ఎస్సై. "ఒకసారి ఆడి చూపించండి. ఆ గొలుసు దెబ్బ."

ఆడారు. దెబ్బలు కలిశాయి. మంటల్లోంచి దూకుడు, దూకుడులోంచి మెరుపు. శత్రువు లేవలేదు.

"ఇప్పుడు మధ్యాహ్నం ఆడింది చూడండి."

రికార్డింగ్ నడిచింది. శత్రువు లేచి తల విదిలించుకున్న చోట ఆపింది. ముందుకి జరిపింది. మళ్లీ అక్కడే ఆపింది. కామెంటేటర్ స్క్రీన్ దగ్గరికి వంగాడు.

"పొద్దుటి నించీ వీళ్ల మ్యాచులే చెప్తున్నాను," అన్నాడు. "నాకెందుకు తట్టలేదు?"

"కెప్టెన్, నువ్వు లే," అంది ఎస్సై. "నీ కంట్రోలర్ తీసి తాత ముందు పెట్టు. దాని పక్కనే."

కెప్టెన్ కదల్లేదు. ఎస్సైయే తీసి పెట్టింది.

"తాతా, ఇప్పుడు నీదీ ఆడు, కెప్టెన్‌దీ ఆడు. మధ్యాహ్నం ఆడినట్టే."

తాత రెండు కంట్రోలర్ల వైపు చూశాడు. చేతులు టేబుల్ దాకా వచ్చాయి, అంతకు మించి లేవలేదు. మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఊరికే కోచ్‌తో మాట్లాడి వస్తానన్నాడు మేడం. ఐదు నిమిషాలన్నాడు, మ్యాచ్ అయ్యేదాకా రాలేదు. గీత పడకుండా చూడమన్నాడు. నేను రెండూ ఆడాను. నాకు వేరే ఏమీ తెలీదు. ఆ కేక విన్నాక తెలిసింది."

"తెలిసి?"

తాత కెప్టెన్ వైపు చూశాడు.

"నువ్వు?" అంది పిడుగుతో.

పిడుగు ఎప్పుడూ మాటకి తడుముకునేవాడు కాదు. ఇప్పుడు నీళ్లు నమిలాడు. "కెప్టెన్ దొరికితే ఫైనల్స్ పోతుందనుకున్నా. చిట్టి వస్తే నా సీటు పోతుందనుకున్నా. అందుకే... ఆమె పేరు చెప్పా."

ఇక మిగిలింది కెప్టెన్ ఒక్కడే.

"నేను తొయ్యలేదు," అన్నాడు, చాలా చిన్న గొంతుతో. "ఒట్టు మేడం, తొయ్యలేదు. చిట్టి పేరు పంపించొద్దని బతిమాలాను. ఆయన వినలేదు. మెసేజ్ కొడుతున్నారు. ఫోన్ లాక్కున్నాను. దాని కోసం చెయ్యి చాచారు. వెనక మెట్లున్నాయని ఇద్దరం చూసుకోలేదు."

"పడ్డాక కిందికి దిగావా?"

"లేదు."

"ఊపిరుందో లేదో చూశావా?"

"లేదు మేడం."

"అంబులెన్స్‌కి చెయ్యొచ్చుగా? ఫోన్ నీ చేతిలోనే ఉందిగా!"

కెప్టెన్ తన అరచేతి వైపు చూసుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడే ఎవరో చెప్పినట్టు.

"పారిపోయి వచ్చేశాను. గది బయట నా బ్యాగే అనుకుని అందులో పడేశాను. అన్నీ ఒకటేలా ఉంటాయి."

"చెల్లెలు రావడం నీకెందుకంత బాధ?"

"గొలుసు కలిపేది చిట్టే అంటారు అందరూ. నేను చివర్లో నొక్కేవాణ్ని మాత్రమే అంటారు. దానికి బటన్ నొక్కడం నేర్పింది నేను."

"హాల్లో దాని బ్యాగు కుమ్మరించినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"ఒక్క మాట అనలేకపోయావా?"

అడగడమైతే అడిగింది. ఆ మరుక్షణంలోనే ఆ ప్రశ్న తిరిగొచ్చి తన గుండెల మీదే తగిలింది. కుమ్మరించిన చేతులు ఎవరివి? పక్క గదిలో చూడమని ఆ పిల్ల బతిమాలితే విననిదెవరు? కెప్టెన్ తల వంచుకున్నాడు. ఎస్సై కూడా ఎక్కడ చూడాలో తెలియక గోడ వైపు చూసింది.

చిట్టి ఒక్కతే సూటిగా చూస్తోంది. అన్నని కాదు, ఆమెని.

కెప్టెన్‌ని జీపులో ఎక్కించారు. ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. కోచ్ కళ్లు తెరిచాడు. ఎవరినీ గుర్తుపట్టడం లేదు గానీ, ప్రాణానికి భయం లేదన్నారు.

ఫైనల్స్ రద్దయింది. స్టేజీ మీద వైర్లు చుట్టేస్తున్నారు. ఎస్సై చిట్టి బ్యాగు పట్టుకుని దగ్గరికెళ్లింది. అందులోవన్నీ తన చేత్తోనే మడిచి సర్దింది. చిరిగిన ప్యాకెట్ స్థానంలో కొత్తది కొనిపించి పెట్టింది.

"తప్పు చేశాను," అంది. "నన్ను క్షమించమ్మా. ఇక్కడే, అందరి ముందూ అడుగుతున్నాను."

చిట్టి బ్యాగు అందుకుంది. హాలు చుట్టూ ఒకసారి చూసింది.

"ఇప్పుడు సగం మంది వెళ్లిపోయారు మేడం," అంది. "అప్పుడు నిండా ఉన్నారు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఎస్సైకి కాస్త తేలికయ్యేది.

ఆమె స్టేజీ ఎక్కింది. యూనిఫాంలో ఇలా స్టేజీ ఎక్కడం ఆమెకి కొత్త. కామెంటేటర్ చేతిలోంచి మైకు తీసుకుంది.

"కెమెరా పెట్టించండి. లైవ్ వెళ్లాలి."

"మేడం, మీ పై ఆఫీసర్లు..."

"పెట్టించండి."

ఎర్రలైటు వెలిగింది. గోడంత స్క్రీన్ మీద తన మొహం తనకే కనబడింది. చెమట, చెదిరిన జుట్టు. తల తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

"మధ్యాహ్నం ఈ హాల్లో ఒక అమ్మాయి బ్యాగు అందరి ముందూ కుమ్మరించాను," అంది. "పక్క గదిలో చూడమని ఆమె అడిగింది. నేను వినలేదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసింది నేను. ఆ వీడియో మీలో ఎవరి దగ్గరున్నా తీసేయండి. నవ్విన వాళ్లు... మిమ్మల్ని అనే హక్కు నాకు లేదు. మీరు నవ్వేలా చేసింది నేనే."

ఇంకా ఏదో చెప్పాలనుకుంది. మైకు బల్ల మీద పెట్టేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది నయమనిపించింది.

జేబులో ఫోన్ మోగుతోంది. సీఐ. ఎత్తలేదు.

దిగి చూస్తే చిట్టి హాల్లో లేదు.

బయట జీపు దగ్గరుంది. వెనక సీట్లో అన్న తల మోకాళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. జీపు పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ ఫోన్‌లో నంబర్ వెతుకుతున్నాడు.

"ఇంట్లో వాళ్లకి చెప్పాలి కదమ్మా. మీ అమ్మ నంబర్ ఇదేనా?"

"మీరు చెయ్యొద్దండీ," అంది చిట్టి. "పోలీసు గొంతు వింటే మా అమ్మ తట్టుకోలేదు. నేను చేస్తాను."

"ఏమని చెప్తావు?" అంది వెనక నుంచి వచ్చిన ఎస్సై. ఆమెకే తెలియకుండా గొంతు మెత్తబడింది.

చిట్టి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల రింగవుతోంది. జీపులోకి చూసింది. అన్న భుజాలు కదులుతున్నాయి.

"సార్ పడిపోయారనీ, బతికే ఉన్నారనీ నేను చెప్తాను," అంది. "తర్వాతది వాడే చెప్పాలి."

అవతల ఎవరో ఫోన్ ఎత్తారు. చిట్టి "అమ్మా" అంది. అని, జీపు తలుపు తీసి అన్న పక్కన కూర్చుంది.